లైట్నింగ్ హబ్‌లో డబ్బు ఎవరు పెడతారు, ఫీజు ఎలా వస్తుంది? లక్ష పెట్టే ముందు ఈ లెక్క చూడండి

పోయిన దసరాకు మా ఊరు నారాయణపేటకు పోయినప్పుడు, తమ్ముడి వరసయ్యే పిలగాడు ఫోన్ తెచ్చి వాట్సాప్‌లో ఒక పోస్టర్ చూపించాడు. "క్రిప్టో లైట్నింగ్ హబ్‌లో లక్ష పెట్టండి, నెలకు 3 శాతం గ్యారంటీ" అని ఉంది.

"అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, జర చూసి చెప్పు. పెట్టాల్నా, వద్దా?"

వాడు చీరల దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఆ లక్ష వాడి రెండేండ్ల పొదుపు. ఊరికే "వద్దు" అంటే వాడు నమ్మడు. ఎందుకంటే లైట్నింగ్ హబ్ అనేది నిజంగానే ఉంది, దానికి ఫీజులు కూడా నిజంగానే వస్తాయి. అందుకే ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఆ లెక్కే మీకూ చెప్తున్నా.

ముందు ఛానెల్ అంటే ఏంటి?

బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకు ఒక బ్లాక్ వస్తుంది. మైనర్ ఫీజు మీరు పంపే మొత్తాన్ని బట్టి కాదు, లావాదేవీ డేటా సైజును బట్టి ఉంటుంది. అంటే 20 రూపాయల చాయ్‌కి కూడా, 20 లక్షలకు కూడా ఇంచుమించు ఒకటే ఫీజు పడొచ్చు. చాయ్ కొట్టుకు ఇది పనికిరాదు.

దీనికి జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా ప్రతిపాదించిన పరిష్కారమే లైట్నింగ్ నెట్‌వర్క్. ఇద్దరు కలిసి కొంత బిట్‌కాయిన్‌ను, ఇద్దరి సంతకాలూ ఉంటేనే తెరుచుకునే అడ్రస్‌లో లాక్ చేస్తారు. అదే ఛానెల్. తర్వాత ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా, ఎవరి వాటా ఎంత అనేది వాళ్ల మధ్యే మారుతుంది. ఛానెల్ తెరిచినప్పుడు ఒకసారి, మూసినప్పుడు ఒకసారి మాత్రమే బ్లాక్‌చెయిన్ ఎక్కాలి. ఎవరైనా పాత లెక్క చూపించి మోసం చేయబోతే, గడువులోపు పట్టుకున్న అవతలి మనిషి ఛానెల్‌లోని మొత్తం తీసుకోవచ్చు.

ఇలా చాలామందితో ఛానెల్స్ పెట్టుకుని మధ్యలో నిలబడేదే హబ్. మీరు హబ్‌కు ఇస్తారు, హబ్ అవతలి వాళ్లకు ఇస్తుంది. ఈ రెండూ ఒకే తాళానికి కట్టి ఉంటాయి కాబట్టి, మధ్యలో హబ్ మీ డబ్బు మింగలేదు.

మార్కెట్ యార్డులో అడ్తిదారు లెక్క

మా దగ్గర కందులు అమ్మడానికి యార్డుకు పోతే అడ్తిదారు ఉంటాడు. ఖరీదుదారు నుంచి డబ్బు తర్వాత వచ్చినా, రైతుకు తక్‌పట్టీ రాసి ముందే పైసలు ఇవ్వాలంటే ఆయన దగ్గర సొంత పెట్టుబడి ఉండాలి. ఆయన కమీషన్‌లో ఆ పెట్టుబడికి కిరాయి కూడా ఉంటుంది. హబ్ ఫీజును అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: అది డబ్బు మోసినందుకు కూలి కాదు, డబ్బు కట్టిపడేసినందుకు కిరాయి.

తేడా ఒకటుంది. అడ్తిదారు నమ్మకం మీద అప్పు ఇస్తాడు. హబ్ ఎవరికీ అప్పు ఇవ్వదు, ఆ డబ్బు ముందే ఛానెల్‌లో ఉండాలి.

హబ్‌లో డబ్బు ఎవరిది?

ఛానెల్‌ను తీగ మీద పూసలనుకోండి. నేను 1,00,000 సతోషిలు పెట్టి హబ్‌తో ఛానెల్ తెరిచాను (ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషిలు). పూసలన్నీ నా వైపే ఉన్నాయి. నేను పంపగలను, కానీ ఒక్క సతోషి కూడా తీసుకోలేను. తీసుకోవాలంటే హబ్ వైపు పూసలుండాలి. దీన్నే ఇన్‌బౌండ్ లిక్విడిటీ అంటారు.

ఇప్పుడు 100 దుకాణాలు ఉన్నాయనుకోండి. ఒక్కోటి 10,000 రూపాయల దాకా తీసుకోవాలంటే, హబ్ తన జేబులోంచి 10 లక్షల విలువైన బిట్‌కాయిన్‌ను వంద ముక్కలుగా లాక్ చేయాలి. ఒక దుకాణంలో బేరం లేకపోతే ఆ ముక్క ఊరికే పడి ఉంటుంది. దాన్ని ఇంకో దుకాణం వైపు తిప్పాలంటే మళ్లీ ఏదో ఒక ఫీజు కట్టాల్సిందే.

హబ్ ఈ ఖర్చును మూడు దారుల్లో రాబట్టుకుంటుంది. ఒకటి, మీ వైపు ఛానెల్ తెరిచేటప్పుడు మైనర్ ఫీజు మీ దగ్గరే తీసుకోవడం. కొన్ని వాలెట్లలో మొదటిసారి డబ్బు అందుకున్నప్పుడు కొంత కట్ అయ్యేది అందుకే. రెండు, ఇన్‌బౌండ్ లిక్విడిటీని నేరుగా అమ్మడం. మూడు, దాటే ప్రతి చెల్లింపు మీద రూటింగ్ ఫీజు.

యూపీఐలో ఇదంతా ఎందుకు కనపడదు? అక్కడ ఒక్కో కస్టమర్ కోసం విడిగా డబ్బు లాక్ చేయరు, బ్యాంకులు తమలో తాము తర్వాత లెక్క తేల్చుకుంటాయి. పైగా బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుల మీద 2020 జనవరి నుంచి దుకాణదారుకు ఎండీఆర్ సున్నా.

ఫీజు లెక్క

రూటింగ్ ఫీజులో రెండు భాగాలుంటాయి. బేస్ ఫీజు ప్రతి చెల్లింపుకూ ఒకటే. రెండోది మొత్తాన్ని బట్టి మారుతుంది, దీన్ని పీపీఎంలో చెప్తారు, అంటే పది లక్షలకు ఎంత అని.

బేస్ 1 సతోషి, రేటు 100 పీపీఎం అనుకుందాం. 10,000 సతోషిలు పంపితే ఫీజు 1 + 1 = 2 సతోషిలు. పంపేవాడు 10,002 ఇస్తాడు, హబ్ 10,000 ముందుకు పంపుతుంది. చెల్లింపు ఫెయిలైతే ఫీజు ఉండదు.

ఈ రేటు డబ్బు బయటికి పోయే ఛానెల్ మీద ఉంటుంది, ఎందుకంటే ఖాళీ అయ్యేది అదే. పూసలన్నీ ఒకవైపు చేరితే హబ్ అక్కడ రేటు పెంచుతుంది, లేదా తనే ఫీజు కట్టి పూసలను వెనక్కి తెచ్చుకుంటుంది. దీన్ని రీబ్యాలెన్సింగ్ అంటారు. అది మళ్లీ ఖర్చు.

ఇప్పుడు పోస్టర్ లెక్క

లక్ష రూపాయల లిక్విడిటీ, 100 పీపీఎం రేటు, అంటే 0.01 శాతం. నెలకు 3,000 రూపాయలు రావాలంటే ఎంత డబ్బు దాటాలి? మూడు కోట్లు. అంటే ఆ లక్ష నెలలో 300 సార్లు, రోజుకు 10 సార్లు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండాలి, అదీ రీబ్యాలెన్సింగ్ ఖర్చు లేకుండా. రేటు 1,000 పీపీఎంకు పెంచినా రోజూ ఒకసారి ఖాళీ అయి నిండాల్సిందే. పైగా అంత రేటు పెడితే, చవక దారి ఉన్నప్పుడు వాలెట్లు ఆ దారిలో పోతాయి.

క్యాలిక్యులేటర్‌లో మూడు కోట్లు చూసి మా తమ్ముడు కాసేపు ఏం మాట్లాడలేదు. "మా దుకాణంలో ఏడాదంతా కలిపినా అంత బేరం కాదు గదన్నా" అన్నాడు.

నిజం హబ్ నడిపేవాళ్లు కూడా నెలకు ఇంత అని గ్యారంటీ ఇవ్వలేరు. ఎంత ట్రాఫిక్ దాటుతుందో వాళ్ల చేతిలో లేదు. పైగా బిట్‌కాయిన్ ధర పడితే లాక్ చేసిన లక్షే తగ్గుతుంది.

డబ్బు పెట్టే ముందు మూడు ప్రశ్నలు

1. తాళం ఎవరి దగ్గర ఉంది? నిజమైన ఛానెల్‌లో రెండో సంతకం మీది. "మా ఖాతాకు పంపండి" అంటే అది ఛానెల్ కాదు, మీరు ఇచ్చిన చేబదులు.

2. ఎంత రేటు, ఎంత ట్రాఫిక్? ఈ రెండు అంకెలు చెప్పకుండా శాతం మాత్రమే చెప్తే అక్కడే ఆగండి.

3. గ్యారంటీ ఎవరిది? అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు సేకరించడం 2019 చట్టం ప్రకారం నేరం.

పన్ను సంగతి కూడా ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మితే వచ్చే లాభం మీద 30 శాతం పన్ను. అదే ఏడాది జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్.

లైట్నింగ్ మీద ఆసక్తి ఉంటే టెస్ట్‌నెట్‌లో నోడ్ పెట్టి ఆడుకోండి. అక్కడి కాయిన్లకు విలువ ఉండదు, పోయినా బాధ లేదు. ఛానెల్ తెరవండి, పూసలు ఎటు పోతున్నాయో చూడండి. మా తమ్ముడు ఇప్పుడు అదే చేస్తున్నాడు. లక్ష మాత్రం పోస్టాఫీసులో ఉంది.