దరియస్ శాసనం చదివించిన సూరత్

సూరత్‌లో స్థిరపడిన మనవాళ్ల పిల్లలకు తెలుగు మీడియం బళ్లు నడుపుతున్నది అక్కడి నగరపాలక సంస్థ. దాని ప్రధాన కార్యాలయం ముగలీసరాలో ఉంది. షాజహాన్ ఏలుబడిలో, 1644లో, మక్కాకు ఓడ ఎక్కబోయే హజ్ యాత్రికుల బస కోసం కట్టిన సత్రమది. కట్టించిన హకీకత్ ఖాన్ అసలు పేరు ఇస్హాక్ బేగ్ యజ్దీ. ఇరాన్ ఎడారి అంచున ఉన్న యజ్ద్ పట్టణం వాళ్లది. 1867 నుంచి మునిసిపాలిటీ ఆ కట్టడంలోనే కొలువు తీరింది. ఎత్తయిన కమాను ద్వారం దాటితే మధ్యలో విశాలమైన చౌకు, చుట్టూ గదులు. యాత్రికులు మూటలు దించుకున్న ఆ గదుల్లో ఇప్పుడు ఫైళ్లు కదులుతున్నాయి.

పారశీకం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు మచిలీపట్నం రేవులో దిగి గోల్కొండ చేరారు. హైదరాబాద్ నగర నిర్మాణానికి రూపకల్పన చేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్‌వాడే. మనం చూసింది మాత్రం ఇస్లాం తరవాతి పారశీకం. సూరత్‌లో దాంతోపాటు అంతకు చాలా ముందున్న పారశీకం కూడా ఉంది. ప్రాచీన పారశీకుల మత గ్రంథాలను, సాసానీ చక్రవర్తుల పంచాంగాన్ని ఈ ఊరి పార్సీ పురోహితులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. దరియస్ చక్రవర్తి రాజనగరి పర్సెపోలిస్‌లాంటి శిథిలాలు ఇక్కడ లేవు. కానీ పర్సెపోలిస్ రాళ్ల మీద ఏం రాసి ఉందో ప్రపంచానికి తెలియడానికి దారి పడింది ఈ ఊరి తాపీ నది ఒడ్డునే. ఈ సంగతి సూరత్ వెళ్లివచ్చేవాళ్లలో చాలామందికి తెలియదు.

సాసానీ వంశంలో ఆఖరి చక్రవర్తి మూడో యజ్దెగెర్ద్ క్రీ.శ. 651లో మెర్వ్ దగ్గర హత్యకు గురయ్యాడు. అక్కడితో ఆ సామ్రాజ్యం ముగిసింది. ఆ తరవాత నేటి పార్సీల పూర్వీకులైన కొన్ని జరతుష్ట్ర కుటుంబాలు ఓడలెక్కి గుజరాత్ తీరంలో సంజాన్ చేరాయని వాళ్ల వలస గాథ 'కిస్సా-ఇ-సంజాన్' చెబుతుంది. రాజు లేని ఆ జనం ఒక పవిత్రాగ్నిని ప్రతిష్ఠించుకుని ఇరాన్‌షా అని పిలుచుకున్నారు. అంటే ఇరాన్ రాజు ఆ అగ్నే. దాడులు వచ్చినప్పుడల్లా దాన్ని కొండ గుహల్లోకి, అడవుల్లోకి మోసుకెళ్లి, చివరకు నవసారి చేర్చారు. అక్కడా భయం పుట్టినప్పుడు 1733లో సూరత్ తెచ్చారు. మూడేళ్లు ఇరాన్‌షా ఈ ఊళ్లోనే కొలువుంది. ఆ తరవాత చోటు మారి, 1742 నుంచి ఉద్వాడాలో వెలుగుతోంది.

దేశం మొత్తం మీద ఇంత ఉన్నత శ్రేణి అగ్ని ఆలయాలు, అంటే ఆతష్ బెహరాంలు, ఎనిమిదే. వాటిలో రెండు సూరత్‌లో ఉన్నాయి. పేర్లు మోదీ ఆతష్ బెహరాం, వకీల్ ఆతష్ బెహరాం. ఇలాంటి అగ్నిని ప్రతిష్ఠించాలంటే పదహారు చోట్ల నుంచి నిప్పు తేవాలి. కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి, కంసాలి కుంపటి, రొట్టెల పొయ్యి, టంకశాల, చివరికి పిడుగు పడి రాజుకున్న మంట కూడా కావాలి. ఒక్కో నిప్పునూ విడివిడిగా, మళ్లీ మళ్లీ శుద్ధి చేసి, అన్నింటినీ ఒక్కటి చేస్తారు. పూర్తయ్యాక ఆ అగ్నికి జరిగేది రాజోపచారమే. రోజుకు ఐదుసార్లు గంట మోగించి 'బోయి' చేస్తారు. గంధపు చెక్కలను సింహాసనంలా పేర్చి సమర్పిస్తారు. పైన లోహపు పళ్లెం కిరీటంలా వేలాడుతుంది. పార్సీలు కానివాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. ఆ నియమాన్ని మనం మనస్ఫూర్తిగా గౌరవించాలి. సామ్రాజ్యం పోయి పదమూడు వందల ఏళ్లు దాటినా రాజమర్యాద పోనివ్వని జనం, తమ రాజు కొలువుకు గడప ఎక్కడో తామే నిర్ణయించుకుంటారు.

రెండు ఆలయాలూ 1823లోనే, కొద్ది వారాల తేడాతో ప్రతిష్ఠ అయ్యాయి. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది రెండెందుకు? దానికి కారణం పంచాంగం. మనం శాలివాహన శకం లెక్కపెట్టినట్టు పార్సీలు యజ్దెగెర్ద్ శకం లెక్కపెడతారు. ఆ ఆఖరి చక్రవర్తి గద్దెనెక్కిన 632 నుంచి ఆ లెక్క నేటికీ ఆగలేదు. 1720ల మొదట్లో ఇరాన్‌లోని కెర్మాన్ నుంచి దస్తూర్ (ప్రధాన పురోహితుడు) జామాస్ప్ విలాయతీ అనే పండితుడు సూరత్ వచ్చాడు. ఇక్కడి పంచాంగం ఇరాన్‌లోనిదానికంటే సరిగ్గా ఒక నెల వెనక ఉందని ఆయన గమనించాడు. ఇక్కడివాళ్లు వెనకెప్పుడో ఒక అధికమాసం కలుపుకున్నారు, అక్కడివాళ్లు కలపలేదు. 1745లో సూరత్ పార్సీలలో కొందరు ఇరాన్ లెక్కకు మారి కద్మీలయ్యారు. పాత లెక్కతో ఉండిపోయినవాళ్లు షహన్షాహీలు. నేటికీ కద్మీల నవ్‌రోజ్ జూలైలో, షహన్షాహీలది ఆగస్టులో వస్తుంది. వకీల్ ఆలయం కద్మీలది, మోదీ ఆలయం షహన్షాహీలది.

జామాస్ప్ వచ్చినందువల్ల పంచాంగం గొడవే కాదు, పెద్ద మేలు ఒకటి జరిగింది. ఆయన ఇక్కడి యువ పురోహితులు కొందరిని కూర్చోబెట్టి ప్రాచీన మత భాషలైన పహ్లవీ, అవెస్తాల గ్రంథాలు శ్రద్ధగా చదివించాడు. వాళ్లలో సూరత్‌కు చెందిన దస్తూర్ దారాబ్ ఒకరు. ఈ కథకు నాయకుడు ఆయనే అని నా అభిప్రాయం. పుస్తకాల్లో మాత్రం ఆ పేరు ఎప్పుడూ మరొకరి పేరు పక్కన, చిన్నగా కనిపిస్తుంది. ఆ మరొకరు ఆంకెతిల్ ద్యుపెరాఁ అనే ఫ్రెంచి యువకుడు.

1754లో ప్యారిస్‌లో ఆంకెతిల్ కంట నాలుగు కాగితాలు పడ్డాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న 'వెందిదాద్' అనే అవెస్తా గ్రంథ ప్రతిలోని పుటలకు నకళ్లవి. యూరప్‌లో ఆ భాష చదవగలిగినవాడు అప్పటికి ఒక్కడూ లేడు. ఆ పుటలు చదివించుకోవాలని అతను ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీలో సిపాయిగా చేరి మరుసటి ఏడాది పుదుచ్చేరిలో దిగాడు. బెంగాల్ వెళ్లాడు. అక్కడ 1757లో ఫ్రెంచివాళ్ల చందర్‌నగర్ ఆంగ్లేయుల చేతికి చిక్కింది. దాంతో తూర్పు తీరం వెంబడి, మన కోస్తా నేల మీదుగా, తిరిగి పుదుచ్చేరి చేరాడు. అక్కణ్నుంచి మాహే, గోవా, ఔరంగాబాద్ దాటుకుని 1758లో సూరత్ వచ్చిపడ్డాడు. ఫ్రెంచి కోఠీలో అతని అన్నదమ్ముడొకడు ఉద్యోగంలో ఉండటం కలిసొచ్చింది.

దారాబ్ దగ్గర చదువు అంత సులువుగా సాగలేదు. మధ్య భాష ఫార్సీ. దస్తూర్ వాక్యం చదివి ఫార్సీలో అర్థం చెబితే ఆంకెతిల్ రాసుకునేవాడు. ముందు తన చేతికొచ్చిన 'వెందిదాద్' ప్రతిని ఇంకో వర్గం పార్సీల దగ్గర సంపాదించిన ప్రతితో పోల్చి, మొదటిదాంట్లో లోపాలున్నాయని గురువును నిలదీశాడు. గురువు డబ్బు కోసం సాగదీస్తున్నాడని కూడా తన యాత్రాగ్రంథంలో ఫిర్యాదు చేశాడు. దారాబ్ వైపు నుంచి కూడా ఆలోచించాలి. తాతముత్తాతలు ప్రాణాలకు తెగించి దాచిన గ్రంథాన్ని, పరాయి దేశం నుంచి వచ్చిన సిపాయి చేతిలో పెట్టడానికి ఏ పురోహితుడు తటపటాయించడు? ఆ వెనకాడటాన్ని తప్పుపట్టినవాళ్లు, చివరకు ఆయన చదువు చెప్పాడన్న సంగతికి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు. 1759లో ఊరు కూడా అట్టుడికింది. ఆ ఏడాదే ఆంగ్లేయులు సూరత్ కోటను స్వాధీనం చేసుకున్నారు. ఆంకెతిల్ సాటి ఫ్రెంచివాడితో తగవుపడి, ఆ పోరులో అవతలివాడు ప్రాణం కోల్పోతే, ఆంగ్లేయుల రక్షణ కోరాల్సి వచ్చింది. ఇన్నింటి మధ్యా 'వెందిదాద్' అనువాదం ఆ ఏడాదిలోనే పూర్తయింది.

1762లో అతను 180 రాతప్రతులతో ప్యారిస్ చేరి వాటిని రాజగ్రంథాలయంలో భద్రపరిచాడు. 1771లో అతని అనువాదం 'జెంద్-అవెస్తా' మూడు సంపుటాలుగా అచ్చయింది. అదే ఏడాది, అప్పటికి పాతికేళ్లవాడైన ఆంగ్ల పండితుడు విలియం జోన్స్ ఇదంతా బూటకమని ఘాటైన లేఖ అచ్చువేశాడు. అనువాదంలో పొరపాట్లు చాలా ఉన్న మాట నిజమే. గ్రంథం మాత్రం అసలైనదేనని 1826లో డెన్మార్క్ పండితుడు రాస్ముస్ రాస్క్ భాషాశాస్త్ర ఆధారాలతో నిరూపించాడు.

ఇక పర్సెపోలిస్ సంగతి. క్రీ.పూ. 518 ప్రాంతంలో దరియస్ మొదలుపెట్టిన ఆ రాజనగరిని క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ తగలబెట్టాడు. గోడల మీద మేకుల్లాంటి గుర్తులతో చెక్కిన క్యూనిఫాం శాసనాలు మిగిలాయి. వాటిని జాగ్రత్తగా నకలు తీసినవాడు యాత్రికుడు కార్‌స్టెన్ నీబూర్. అతనూ 1764లో సూరత్ చూసి, మరుసటి ఏడాది పర్సెపోలిస్ చేరాడు. తరవాత ప్యారిస్‌లో సిల్వెస్త్ర్ ద సాసీ, సాసానీ రాజుల పహ్లవీ శాసనాలను ఆంకెతిల్ తెచ్చిన సామగ్రి సాయంతో చదివాడు. వాటిలో ఒక వరస కనిపించింది: ఫలానా రాజు, రాజాధిరాజు, ఫలానావాడి కొడుకు.

1802లో జర్మనీలో గ్రోటఫెండ్ అనే 27 ఏళ్ల బడిపంతులు ఆ వరసనే పర్సెపోలిస్ శాసనాలకు పట్టించి చూశాడు. ఒక శాసనంలో తండ్రీ రాజే. ఇంకోదాంట్లో తండ్రికి రాజు బిరుదు లేదు. తండ్రి రాజు కాకుండా తాను చక్రవర్తి అయినవాడు దరియస్. అతని తండ్రి హిస్తాస్పెస్. గ్రీకు చరిత్రలు ఇంతవరకు చెబుతాయి. కానీ గ్రీకు ఉచ్చారణ పెడితే గుర్తులు కుదరవు. పారశీకులు ఆ పేరును ఎలా పలికారో కావాలి. గ్రోటఫెండ్‌కు ఆ రూపాలు దొరికింది ఆంకెతిల్ పుస్తకంలో: గోష్తాస్ప్, విష్తాస్ప్. రాజు అనే మాటకు ప్రాచీన రూపమూ అక్కడే దొరికింది. గుర్తులు కుదిరాయి. రెండు వేల ఏళ్లకు పైగా ఎవరూ చదవని దరియస్ పేరు చదవగలిగారు.

తరవాత రాస్క్ ఇంకో ముడి విప్పాడు. రాజాధిరాజు అనే బిరుదు శాసనంలో 'ఖ్షాయథియ ఖ్షాయథియానామ్' అని ఉంటుంది. చివరి 'ఆనామ్' సంస్కృతంలో 'దేవానామ్'లో ఉన్నదే. ఆంకెతిల్ తెచ్చిన ప్రతుల మీదే పనిచేసిన యూజెన్ బుర్నూఫ్, బెహిస్తున్ కొండ మీద వేలాడుతూ నకళ్లు తీసిన హెన్రీ రాలిన్సన్ మిగతా పని పూర్తిచేశారు. శాసనాలు తెలిశాక శిల్పాలకూ అర్థం తెలిసింది. పర్సెపోలిస్‌లోని అపదాన అనే సభామండపం మెట్ల పక్కన కప్పం తెచ్చే జనాల బారులో భారతీయులూ ఉన్నారు. వాళ్లలో ఒకడు కావడి భుజాన వేసుకుని నడుస్తాడు. దాని రెండు వైపులా వేలాడే తట్టల్లో చిన్న సంచులున్నాయి. బంగారపు పొడి సంచులని పండితుల అంచనా. వెనక ఒకడు గాడిదను తోలుతున్నాడు. సూసా రాజభవనానికి ఏనుగు దంతం సింధు దేశం నుంచి కూడా వచ్చిందని దరియస్ తన శాసనంలోనే చెప్పుకున్నాడు.

దారాబ్ నాటి సూరత్‌ను ఇప్పుడు చూడటం కష్టం. 1837లో ఊళ్లో పెద్ద భాగం అగ్నికి ఆహుతైంది. అదే ఏడాది తాపీ వరద ముంచెత్తింది. పార్సీల్లో చాలామంది అప్పటికే బొంబాయి దారి పట్టారు. బొంబాయి ఓడరేవులో నౌకలు కట్టించిన లవ్‌జీ వాడియా 1736లో సూరత్ నుంచి వెళ్లినవాడే. ఇప్పుడు మిగిలినవాళ్లు కొద్దిమంది. నాన్‌పురా వీధుల్లో నడిస్తే చెక్క పనితనం ఉన్న పాత పార్సీ ఇళ్లు అక్కడక్కడా కనిపిస్తాయి. అక్కడే దోతీవాలా బేకరీలో నాన్‌ఖటాయీ, బటర్ బిస్కెట్లు దొరుకుతాయి. డచ్చివాళ్ల దగ్గర పని నేర్చిన పార్సీ కుటుంబం మొదలుపెట్టిన బేకరీ అది.

ఉధనా, లింబాయత్‌లలో ఉన్న మనవాళ్లకు, చీరల బేరానికి సూరత్ వెళ్లే వ్యాపారులకు ఒక మాట. ఒక్క ఆదివారం ఖాళీ చేసుకోండి. చౌక్ బజార్ దగ్గర నగరపాలక సంస్థ బాగుచేయించిన కోట చూసి, ముగలీసరా ద్వారం ముందు కాసేపు నిలబడండి. సుమారు 30 కిలోమీటర్ల దూరంలో నవసారి ఉంది. అక్కడ 1872లో నెలకొల్పిన మెహెర్జీ రాణా గ్రంథాలయంలో అవెస్తా, పహ్లవీ రాతప్రతులు భద్రంగా ఉన్నాయి. ఓపిక ఉంటే ముంబై రైలు మార్గంలో ఉద్వాడా దాకా వెళ్లండి. ఆలయం లోపలికి వెళ్లలేకపోయినా ఆ ఊరి వీధులు చూడొచ్చు.

సూరత్ నగరానికీ, మన పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకూ ఒక విన్నపం. క్యూనిఫాం చదివిన కథ చెప్పేటప్పుడు గ్రోటఫెండ్, రాలిన్సన్‌ల పేర్లు తప్పక వస్తాయి. వాళ్లకంటే ముందు వరసలో సూరత్ దస్తూర్ దారాబ్ పేరు రాయండి.