గుండుకీ గుండుకీ మధ్య ఇరవై సెకన్లు

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, మెరీనా పార్కు దగ్గర ఒక స్మారకం ఉంది. 1859 మే 17న అబర్డీన్ యుద్ధంలో నేలకూలిన అండమానీ ఆదివాసుల జ్ఞాపకంగా కట్టింది. సెల్యులార్ జైలు చూసేసి రాస్ ద్వీపం పడవ అందుకోవాలన్న తొందరలో జనం దాన్ని దాటుకుని పోతుంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అంతే, ఒక ఫొటో తీసుకుని పడవ వరసలో నిలబడ్డాను. ఆరేళ్ల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు అక్కడే గంటన్నర కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ రెండు ప్రయాణాల మధ్యకాలంలో నా చేతులకి ఒక కొత్త పని అలవాటైంది. మూతిలోంచి మందు పోసి, గుండు దించి పేల్చే పాతకాలపు తుపాకీని నింపడం నేర్చుకున్నాను.

నేర్చుకున్న చోటు చాలా దూరం. అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఆగ్నేయ మూల ఫ్రెండ్‌షిప్ అని చిన్న పల్లె ఉంది. మూతి నుంచి నింపే తుపాకుల అభిమానులు 1933లో పెట్టుకున్న జాతీయ సంఘానికి అక్కడ సొంత మైదానం ఉంది. సిన్సినాటీలో ఉండే మా తమ్ముడు ఓ ఆదివారం, "అన్నయ్యా, నీకు పాత సామాను పిచ్చి కదా, పద" అని కారెక్కించాడు. తుపాకుల మోత తప్ప ఏముంటుంది అనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే అదో పెద్ద వడ్రంగి, కమ్మరి కొట్టంలా ఉంది. రిటైరైన లేత్ మెషీన్ పనివాడు ఒకాయన తాళం పలక విప్పి, లోపలి స్ప్రింగుని ఆకురాయితో రెండు గీతలు గీసి, బిగించి, వేలితో నొక్కి చూసి, మళ్లీ విప్పుతున్నాడు. పొద్దున్నుంచీ అదే పనట. ఒకామె సీసం కరిగించి అచ్చులో పోసి, గుండ్లని పాత తువ్వాలు మీదకి రాలుస్తోంది. ముడత పడిన గుండుని పక్కన పడేసి మళ్లీ కరిగిస్తోంది. ఇంకొకాయన తుపాకీ కర్రకి నూనె పట్టిస్తున్నాడు, అరచేత్తో, గంటల తరబడి. ఈ సరదాలో పేల్చేది పిసరంత, గీకడం, అరగదీయడం, కడగడం బోలెడంత. నాకు నచ్చిందీ అదే.

ఆ లేత్ పనాయన దగ్గర 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌కి కొత్తగా చేసిన నకలు ఉంది. ఆ పేరు వినగానే నా మొహంలో మార్పు ఆయన పసిగట్టినట్టున్నాడు, తుపాకీ నా చేతికిచ్చాడు. నాలుగు కిలోల పైచిలుకు బరువు. మడమ నేలకి ఆనిస్తే మూతి నా గడ్డం దాకా వచ్చింది. గొట్టం లోపల మూడు గాళ్లు మెలిక తిరుగుతూ కిందికి దిగుతాయి. గుండుని గిరగిరా తిప్పి తిన్నగా పంపేవి అవే.

కాగితపు తూటా నా చూపుడువేలి కన్నా కాస్త లావు. ఒక కొసన మందు, రెండో కొసన గుండు, గుండున్న వైపు బయట జిడ్డు పూత. మందున్న కొస చింపి గొట్టంలో పోయాలి. తూటాని తలకిందులు చేసి జిడ్డు కొసని మూతిలోకి నొక్కి, మిగిలిన కాగితం తుంచేయాలి. గజం దూసి గుండుని అడుగంటా దించాలి. మందు కూరే ఇనుప కడ్డీకి మన పెద్దవాళ్లు వాడిన మాట గజమే. గజాన్ని మళ్లీ దాని చోట్లో పెట్టి, తుపాకీ పైకెత్తి, సుత్తిని సగం లాగి, కింద బుడిపె మీద రాగి టోపీ తొడగాలి. అప్పుడు పూర్తిగా లాగి, గురి చూసి, మీట నొక్కాలి.

నొక్కాను. భుజాన్ని ఎవరో గట్టిగా నెట్టినట్టయింది. ఎదురుగా తెల్లటి పొగ గోడ కట్టేసింది. కుళ్లిన గుడ్డు కంపు. గురి చెక్క ఉందో లేదో కూడా కనిపించలేదు. "నిమిషం నలభై సెకన్లు" అన్నాడాయన వాచీ చూసుకుని. తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి మూడుసార్లు పేల్చేవాడు. అంటే గుండుకీ గుండుకీ మధ్య ఇరవై సెకన్లు.

వేళ్లకి అంటిన జిడ్డు ఎంత తుడిచినా పోలేదు. అక్కడివాళ్లు తేనెమైనంలో గొర్రె కొవ్వు కలుపుతారు, కొందరు వంటనూనెతో సరిపెట్టుకుంటారు. అసలు జిడ్డు ఎందుకని అడిగితే, ఆయన పూత తుడిచేసిన తూటాలు కొన్ని నా చేతిలో పెట్టాడు. మొదటి రెండూ దిగాయి. మూడోదాన్ని బలంగా తొయ్యాల్సి వచ్చింది. అయిదోది సగంలో బిగుసుకుపోయింది, గజం మీద నా బరువంతా వేసినా కదల్లేదు. తుపాకీ మందు కాలితే సగానికి పైగా మసిగానూ పొగగానూ మిగులుతుంది. ఆ మసి గాళ్లలో గట్టిపడకుండా మెత్తబరిచేది జిడ్డే. కాబట్టి జిడ్డు లేకుండా ఎన్‌ఫీల్డ్ లేదు. 1857లో అది ఏ జంతువు కొవ్వు అన్న ప్రశ్న సిపాయిలకి అంత బరువైంది ఇందుకే. డ్రిల్లు ప్రకారం తూటా కొసని పళ్లతో కొరికి చించాలి. ఆవు కొవ్వు అన్నారు, పంది కొవ్వు అన్నారు. మైనమో నెయ్యో ఎవరికి వారే తెచ్చుకుని పూసుకోవచ్చని దొరలు తర్వాత సడలించారు, చేత్తో చింపినా ఫరవాలేదన్నారు. అప్పటికే నమ్మకం పోయింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే, ఏప్రిల్ 24న మీరట్‌లో తూటాలు ముట్టమని మొరాయించిన 85 మంది రౌతులు, మే 10న తిరుగుబాటు. ఇవన్నీ మనం బడిలో చదువుకున్నవే. కానీ బిగుసుకుపోయిన ఆ గుండుని తోస్తున్నప్పుడు గానీ నాకు ఆ గొడవ ఒంటికి తగల్లేదు.

తిరుగుబాటు అణిగాక బ్రిటిష్ వాళ్లు చేసిన ఒక పని తుపాకులతో కుస్తీపట్టేవాళ్లకే బాగా అర్థమవుతుంది. దేశీ సిపాయిల కోసం ఎన్‌ఫీల్డ్ ఆకారంలోనే, గాళ్లు లేకుండా, లోపల నున్నగా, వెడల్పుగా ఉండే గొట్టంతో తుపాకులు తయారుచేయించారు. పైకి చూస్తే అదే తుపాకీ. గుండు మాత్రం వంద గజాలు దాటితే ఎటు పోతుందో దానికే తెలియదు. తెల్ల సోల్జర్ చేతిలో గాళ్ల తుపాకీ, నల్ల సిపాయి చేతిలో నున్నటి తుపాకీ. మూతిలోకి వేలు పెట్టి తడిమితే ఒక సామ్రాజ్యం భయం ఎంతో తెలుస్తుంది.

ఆ తిరుగుబాటు ఖైదీలే అండమాన్ దీవుల్లో దిగారు. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే బ్రిటిష్ అధికారి సెమిరామిస్ ఓడలో రెండు వందల మంది ఖైదీలతో చాథం ద్వీపం చేరాడు. కాపలాకి నౌకాదళం మనుషులు యాభై మంది. అడవి నరకడం మొదలుపెట్టారు. ఆ అడవి అండమానీ ఆదివాసులది. ఏడాది తిరిగేసరికి, 1859 ఏప్రిల్‌లో, వాళ్లు విల్లంబులతో రెండుసార్లు విరుచుకుపడ్డారు. మూడోసారి వచ్చేది అబర్డీన్‌లోని ఖైదీల శిబిరం మీదకని ముందే ఉప్పందించింది దూధ్‌నాథ్ తివారీ. పద్నాలుగో బెంగాల్ పటాలం సిపాయి, పారిపోయి ఏడాదికి పైగా వాళ్ల మధ్యే బతికి, పెళ్లి కూడా చేసుకున్న ఖైదీ. తెల్లవాళ్ల కాపలాదళం సిద్ధంగా ఉంది. అయినా నిలవలేక పడవల్లోకి తగ్గింది. దాదాపు అరగంట ఆ ఖైదీల శిబిరం ఆదివాసుల చేతిలో ఉంది. పనిముట్లు, ఇనుము దొరికినవి దొరికినట్టు పట్టుకుపోయారు. తర్వాత తుపాకులు మళ్లీ ఒడ్డుకెక్కాయి. ఎంతమంది చనిపోయారో లెక్క పెట్టినవాళ్లు లేరు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆ స్మారకం దగ్గర కూర్చుని నేను చేసింది సెకన్లు లెక్కపెట్టడం. ఒకటి, చింపాలి. అయిదు, మందు దిగింది. పన్నెండు, గజం ఇంకా గొట్టంలోనే ఉంది. ఆ ఇరవై సెకన్లూ తుపాకీ పట్టినవాడి రెండు చేతులూ ఖాళీ లేవు, మూతి ఆకాశంకేసి ఉంది. విల్లు తెలిసినవాడికి ఆలోగా ఎన్ని బాణాలు? నైరుతి రుతుపవనాలు ఈ సముద్రాన్ని తాకేదీ మే నెల మూడోవారం ప్రాంతంలోనే. ఇక్కడ ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన. తడిసిన కాగితపు తూటాలోంచి మందు రాలదు, ముద్దగా ఊడిపడుతుంది. అరగంటసేపు ఆ శిబిరం చేతులు మారిందంటే నాకిప్పుడు ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా, ఆదివాసులు తుపాకీని చూసి జడిసిన అమాయకులని మనకి ఇన్నాళ్లు చెబుతూ వచ్చిన కథ మీదే. ఆ ఇరవై సెకన్లు వాళ్లకి బాగా తెలుసుండాలి.

పేల్చిన తుపాకీని ఆ పూటే కడగాలి. ఈ సరదాలో ఇది మొదటి నియమం. మసి గాల్లో తేమని పీల్చుకుంటుంది, తెల్లారేసరికి గొట్టం లోపల ఎర్రటి తుప్పు. వేణ్ణీళ్లు పోసి గుడ్డతో తోముతుంటే ముందు తారులాంటి నీళ్లు వస్తాయి, తర్వాత బూడిదరంగు, చివరికి తేట. ఆరబెట్టి నూనె పట్టించాలి. ఇండియానాలోనే ఇంత జాగ్రత్త కావాలంటే, ఉప్పుగాలి ఆడే అండమాన్‌లో ఒక్కో తుపాకీ వెనక ఎంత చాకిరీ ఉండేదో!

ఇప్పుడీ సరదాకి ప్రపంచ పోటీలున్నాయి. 1971 నుంచి ఒక అంతర్జాతీయ సంఘం నడుపుతోంది. అరగంటలో పదమూడు గుండ్లు, అందులో మంచివి పది లెక్కకి. జపాన్ వత్తి తుపాకీకి తనెగషిమా పేరుతో విడిగా ఒక పోటీ. మన దేశంలో మాత్రం ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం పేలగలిగే మందు తుపాకీకి లైసెన్సు ఉండి తీరాలి. బాగుచేసినా పేలని పురాతన వస్తువుకి మాత్రమే మినహాయింపు. మన్యం ఏజెన్సీలో నాటు తుపాకీ పట్టుబడి జైలుపాలైన వాళ్లు, గొట్టం పగిలి వేళ్లు పోగొట్టుకున్న వాళ్లు ఉన్నారు. వాళ్లని తలుచుకోకుండా ఈ సరదా గురించి మాట్లాడడం నాకు చేతకాదు.

మన్యం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాల దాకా పట్టుకుపోయింది. అవి ఫ్యాక్టరీ తూటాలు పడే తుపాకులు. మందు తుపాకీకి బొగ్గు అడవిలో కాల్చుకోవచ్చు, గుండు పొయ్యి మీద పోసుకోవచ్చు. ఫ్యాక్టరీ తూటా అయిపోతే ఆ తుపాకీ ఉత్త కర్ర. కొత్త ఆయుధం దళం బలాన్ని పెంచింది, దాని రోజులకి లెక్కా కట్టింది. ఆ పోరాటంలో పట్టుబడ్డ మన్యం వాళ్లలో కొందరిని తెచ్చి పడేసింది కూడా ఈ అండమాన్‌లోనే.

ఇంత చరిత్ర ఉన్నా తుపాకీ మాటలు మన నోట్లోంచి జారిపోతున్నాయి. రంజకం అంటే చెకుముకి తుపాకీ పక్క గిన్నెలో పోసే మెత్తటి మందు. జామగీ అంటే నిప్పు ముట్టించే వత్తి. బొబ్బిలి యుద్ధం నాటి మాటలివి. చెకుముకి ఒక్కటి పిల్లల సైన్సు పత్రిక పేరుగా బతికి బట్టకట్టింది. తక్కినవి నిఘంటువుల్లోనే మిగిలాయనుకున్నాను.

అలా అనుకున్న సాయంత్రమే వాన పట్టుకుంది. జంగ్లీఘాట్ వైపు ఒక టీకొట్టు చూరు కిందకి పరిగెత్తాను. ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది దాకా తెలుగువాళ్లే, ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. బల్ల మీద కూర్చున్న ముసలాయనది సోంపేట వైపు. నేనెందుకు వచ్చానో చెప్తే నవ్వాడు. వాళ్ల అయ్యకి అక్కడ జీడితోటలో పందుల్ని బెదరగొట్టడానికి లైసెన్సున్న మందు తుపాకీ ఉండేదట.

"నువ్వు చెప్పిన కాగితం తూటాలూ అవీ మాకు తెల్దు బాబూ," అంటూ చేతిలో గొడుగు మడిచి నేల మీద నిలబెట్టాడు. "ముందు మందు పొయ్యాల. దాని మీద కొబ్బరి పీచు. గజమెట్టి దట్టాల. గజం టంగుమని ఎగరాల, అప్పుడే మందు కుదిరినట్టు. తర్వాత గుళ్లు. మళ్లీ పీచెట్టాల, లేకపోతే తుపాకీ వొంచగానే గుళ్లన్నీ జారిపోతాయి."

అరవయ్యేళ్లుగా తుపాకీ ముట్టని చేతులు. గొడుగు మూతి దగ్గర బొటనవేలు, చూపుడువేలు కలిపి చిటికెడు మందు వదిలాయి. లేని పీచుని నలిపి ఉండ చేశాయి. లేని గజాన్ని దూసి మూడుసార్లు దించాయి. టీకొట్టు కుర్రాడు కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ముసలాయన గొడుగు పైకెత్తి, పిడి దగ్గర టోపీ తొడిగి, చూరు బయట వానలోకి గురి చూసి, ఒక కన్ను మూసి నా వైపు తిరిగాడు.

"ఎన్నయ్యాయి?"

"ముప్పై నాలుగు సెకన్లు," అన్నాను.

"మా అయ్యయితే ఇంకా బేగి నింపేవోడు," అని గొడుగు మళ్లీ నేల మీద ఆనించాడు. "ఉండు, ఇంకోపాలి సూద్దాం."