ఆరు ఋతువుల దారి

డార్విన్ సముద్రతీరము నుండి ఉలూరు ఎడారి వరకు ప్రయాణము తలపెట్టినవారు మొదట చూడవలసినది దూరాల పట్టిక కాదు, ఆ నేల పంచాంగము.

ఎఱ్ఱని బండకొండ చిత్రమొకటి ముఖపత్రమునకు సిద్ధముగా నున్నదనియు, దానికి తగిన ప్రయాణకథనము పది దినములలో చేతికందవలెననియు సంపాదకులవారు సెలవిచ్చిన నాటికి, ఆస్ట్రేలియా ఉత్తరభాగమును గూర్చి నాకు తెలిసినదెల్ల అక్కడ మొసళ్ళు మెండన్న మాటయొక్కటే. పటము పరచుకొని, విమానముల వేళలు, అద్దెకారుల షరతులు, పెట్రోలు బంకుల నడుమ దూరములు ఒక్కొక్కటిగా వ్రాసికొనుచుండగా, డార్విన్‌కు తూర్పున నున్న కకాడు జాతీయోద్యానమువారు యాత్రికుల కొరకు ప్రకటించిన ఋతుచక్రపు పటమొకటి కంటబడినది. గడువులో సగము దాని ముందే గడచిపోయినది.

మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మా మేనల్లుడు అప్పటికే ముహూర్తము పెట్టియుంచినాడు. “డిసెంబరులో పిల్లలకు పెద్ద సెలవులు మామయ్యా, మీరూ అత్తయ్యా అప్పుడే వచ్చేయండి” అని వాని పట్టు. ఏ కాలమైనను ఫరవాలేదాయని అడుగగా, అక్కడ ఉన్నవి రెండే కాలములనియు, ఒకటి ‘వెట్’, రెండవది ‘డ్రై’ అనియు చెప్పినాడు. ఈ రెండు ముక్కల లెక్కయందు నాకు మొదటినుండియు అనుమానమే. ఇరువదియేడు కార్తెలను వ్రేళ్ళమీద లెక్కించుచు, రోహిణిలో రోళ్ళు పగులుననియు మృగశిరతో చల్లబడుననియు చెప్పుకొనిన సేద్యగాండ్ర ఇంట పుట్టినవానికి, ఏడాదిని గుమ్మడికాయవలె రెండు చెక్కలు చేసి చేతబెట్టిన తృప్తి ఎట్లు కలుగును?

కకాడు నేలకు వేలయేండ్లుగా హక్కుదారులైన బినింజ్ ప్రజల లెక్కలో ఋతువులు ఆరు. మనకును ఆరే గాని, మనవి అన్నదమ్ములు ఆస్తి పంచుకొనినట్లు తలకు రెండేసి నెలలు పంచుకొనినవి. వారివి అట్లు కాదు, ఒకటి మూడు నెలలుండును, మరియొకటి ఒక్కనెలలో ముగియును. జనవరి నుండి మార్చి వరకు గుజెవ్గ్: రుతుపవనములు విరుచుకొనిపడి, ఏరులు గట్లు దాటి, ఈటెగడ్డి రెండు మీటర్లకు పైగా ఎదుగు కాలము. ఏప్రిల్‌లో బాంగెరెంగ్: మబ్బు విడిపోవుచుండగా చివరి గాలివానలు వచ్చి ఆ గడ్డినంతయు నేలకు పరచును, ఆ వానలకు అక్కడి ఆంగ్లభాషీయులు పెట్టిన పేరే ‘పడగొట్టుడు వానలు’ అను అర్థమిచ్చునది.

మే మొదలు జూన్ నడిమి వరకు నడచు ఋతువు పేరు యెగ్గె. తెలుగు చెవికి కీడు శంకింపజేయు పేరేగాని, దీనియందు ఎగ్గేమియు లేదు. తెల్లవారుజామున మైదానములపై మంచుతెర వ్రేలాడును, నీరు నిలిచిన పల్లములయందు కలువలు పరచుకొనును. ఈ పటమునందు నన్ను నిలువరించిన ముక్క ఇక్కడనే ఉన్నది: ఊలీబట్ అను యూకలిప్టస్ జాతి చెట్టు పూసినదనగా, అడవిలో చిన్నచిన్న నిప్పులు పెట్టు అదను వచ్చినదని బినింజ్‌లు గ్రహింతురు. పచ్చి ఇంకను ఆరని గడ్డిని అక్కడక్కడ తగులబెట్టి కంచెవలె నిలిపిన యెడల, నడివేసవిలో పుట్టు కార్చిచ్చు దేశమంతయు మ్రింగకుండ అక్కడ ఆగిపోవును. అనగా ఆ పటము యాత్రికునికి వినోదపత్రమేగాని, అక్కడివారికి పనుల జాబితా. అందులో ఇంగ్లీషు నెలల పేర్లు మనబోంట్ల సౌకర్యమునకు చేర్చినవే, అసలు తేదీ చెట్టు కొమ్మమీద నుండును.

మనకు మృగశిర తొలకరి తెచ్చు జూన్‌లో, నెల నడుమనుండి వారికి చలికాలము, వుర్గెంగ్. వాగుల పరుగు ఆగిపోవును. మైదానములు ఎండిపోగా మిగిలిన మడుగుల చుట్టును నీటిపక్షులు గుమిగూడును. ఆగస్టు నడుమ మొదలగు గుర్రుంగ్‌లో గాలియాడదు, వేడి గడ్డకట్టినట్లుండును. బురదలోని పొడుగుమెడ తాబేళ్ళకై వేట సాగును. అక్టోబరు నడుమనుండి గునుమెలెంగ్. ఉక్క పెరిగి, మేఘములు కొండలుగా లేచి, ఉరిమి, తరచు చినుకైనను రాల్చక మరలిపోవు ఈ కాలమునకు డార్విన్ నగరవాసులు పెట్టుకొనిన పేరు ‘బిల్డప్’. ఆ మాటను మన కుఱ్ఱకారు ఏ అర్థమున వాడుచున్నారో ఎఱిగినవారికి ఆ మేఘముల నైజము వేఱుగ వివరింపనక్కరలేదు. పిమ్మట ఏరులు కదలును. బారముండి చేపలు మడుగులు వీడి, గుడ్లు పెట్టుటకు సముద్రముఖమునకు దిగిపోవును. ఈ బారముండి మరేదో కాదు, గోదావరి, కృష్ణా ముఖద్వారములవారు పండుగప్ప అని మక్కువతో కొనితెచ్చుకొను చేపయే.

ఇదంతయు ఫోనులో చదివి వినిపించి, నీవు పెట్టిన డిసెంబరు ముహూర్తము గునుమెలెంగ్‌లో మొదలై గుజెవ్గ్‌లో మునుగుచున్నది నాయనా అంటిని. “కారులో ఏసీ ఉంటుంది కదా మామయ్యా!” అన్నాడు. “కారుకు ఉంటుంది, మరి వాగుకో?” అంటిని. కకాడులోని జిమ్ జిమ్ జలపాతమునకు పోవు మట్టిదారి వానలకు మూతబడిన పిమ్మట, ఎంత చల్లని కారుకైనను అది తెఱువబడదు.

గడువు తరుముచున్నది గనుక చరిత్ర నాలుగు ముక్కలలో: 1862లో జాన్ మెక్‌డూవల్ స్టూవర్ట్ దక్షిణమునుండి ఖండమును దాటి ఉత్తరతీరము చేరినాడు; 1872లో అతని జాడవెంబడి తంతితీగ నడచినది; ఎడారికి సరకు మోసిన ఒంటెలను తోలినవారిలో నాటి బ్రిటిష్ ఇండియా వాయవ్యసీమల వారును ఉండిరి; 1942 ఫిబ్రవరి 19న డార్విన్‌పై జపాను బాంబులు పడినవి; 1974 క్రిస్మస్‌నాటి తుపాను ఆ ఊరిని నేలమట్టము చేసినది; 1976 చట్టముతో ఆదివాసులకు భూమిపై హక్కు మరల దక్కసాగినది.

డార్విన్‌లో ఏటికి సుమారు 1,700 మిల్లీమీటర్ల వాన. 1,500 కిలోమీటర్లు దక్షిణముగా పోయి, మకరరేఖ దాటి, ఆలిస్ స్ప్రింగ్స్ చేరునప్పటికి 280, మన అనంతపురపు వానలో సగము. అక్కడ డిసెంబరు పగళ్ళు అప్పుడప్పుడు నలుబది డిగ్రీలకు ఎక్కును. జూలై రాత్రులు సున్నాకు దిగును. ఒకే పెట్టెలో నూలుచొక్కాయు ఉన్నికోటును సర్దుకొనవలసిన దారి యిది. దారి కొసన నున్న ఉలూరు, అనగా మా ముఖచిత్రపు బండకొండ, 348 మీటర్ల ఎత్తు. 1985లో ఆ నేల ఆదివాసులైన అనంగు ప్రజలకు తిరిగి అప్పగింపబడినది. తమకు పవిత్రమైన దానిని ఎక్కవలదని వారు ఏండ్లతరబడి వేడుకొనగా, 2019 అక్టోబరు 26 నుండి ఎక్కుట నిషిద్ధమైనది. ఇప్పుడు దాని చుట్టు నడిచి రావలెను. ప్రదక్షిణమెఱిగిన మనకు ఇది క్రొత్తగా నేర్పవలసిన మర్యాద కాదు.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రపు బడులకు జూన్ చివరనుండి రెండువారముల సెలవులున్నవని మేనల్లుడే తుదకు కనుగొని చెప్పినాడు. వుర్గెంగ్ కుదిరినది. గోడమీది క్యాలెండరులో ఆషాఢము ప్రక్కన ఆ పేరు వ్రాసికొంటిని. నడివేసవిలో ఉన్నిశాలువలు తీసి దండెముపై ఎండవేయుచున్న మా యావిడను చూచి, పొరుగింటివారు ఆరోగ్యము కుశలమేనాయని అడిగిపోయినారు.

■ మూట కట్టుటకు ముందు

డార్విన్ నుండి ఉలూరుకు దాదాపు 1,950 కిలోమీటర్లు: హైదరాబాదు–విజయవాడ దారిని ఏడుమార్లు నడిపినట్లు. కారు మనవలెనే ఎడమప్రక్క. సంధ్య వ్రాలినపిదప కంగారూలు, పశువులు దారికి అడ్డుపడును గనుక పొద్దుండగనే బస చేరవలెను. రోడ్‌ట్రెయిన్ అను బహుశకటముల లారీ 53.5 మీటర్ల వరకు పొడవుండును. ఎదుటిదారి చాలదూరము ఖాళీగా కనబడినగాని దానిని దాటరాదు. దారిలో బండి చెడినయెడల దానిని విడిచి నడువరాదు. ఆదివాసుల భూములగుండ పోవు కొన్ని దారులకు ముందుగా అనుమతిపత్రము కావలెను. గడియారమును భారతకాలమునకు సరిగా నాలుగుగంటలు ముందుకు త్రిప్పుకొనవలెను.

■ ఇసుకలో పడవపందెము

ఆలిస్ స్ప్రింగ్స్‌లోని టాడ్ నదిలో ఏడాదిలో అధికభాగము ఇసుకయే ప్రవహించును. 1962 నుండి అక్కడివారు ఆ ఇసుకలోనే పడవపందెములు జరుపుచున్నారు: అడుగులేని పడవలను నడుమునకు ఎత్తిపట్టి, కాళ్ళతో పరుగెత్తుటయే పందెము. 1993లో మాత్రము ఆ పందెము రద్దయినది. ఆ యేడు నదిలో నీరు వచ్చినది.