వినికిడి యంత్రం

వినికిడి యంత్రం అనగా వినికిడి లోపం ఉన్నవారికి చుట్టుపక్కల శబ్దాలను, ముఖ్యంగా మాటలను, పెద్దవిగా చేసి వినిపించే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. దీనిని శ్రవణ సహాయకం అని కూడా అంటారు. వాడుకలో చెవి మిషను అనే పేరు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం వినికిడి లోపం వలన పునరావాస సేవలు అవసరమైనవారు ప్రపంచంలో సుమారు 43 కోట్ల మంది. యంత్రం అవసరమైనవారిలో దానిని వాడుతున్నది సుమారు 17 శాతం మాత్రమే. ఇందుకు ధర ఒక ముఖ్య కారణం. అయితే యంత్రం చేతికి వచ్చిన తరువాత కూడా బ్యాటరీలు, సరైన అమరిక, మరమ్మత్తు లేక దానిని పెట్టెలో దాచేసేవారు ఉన్నారు. అందుచేత యంత్రం చవక అవునా కాదా అన్నది కొన్న ధరను బట్టి కాక, వాడినంత కాలం అయ్యే ఖర్చును బట్టి చూడవలసి ఉంటుంది.

పనిచేసే విధానం

యంత్రంలోని మైక్రోఫోన్ శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. యాంప్లిఫయర్ ఆ సంకేతాన్ని పెంచుతుంది. రిసీవర్ దానిని తిరిగి శబ్దంగా మార్చి చెవిలోకి పంపుతుంది. 1950వ దశకంలో ట్రాన్సిస్టర్ల రాకతో యంత్రాల పరిమాణం బాగా తగ్గింది. పూర్తి డిజిటల్ యంత్రాలు 1996లో మార్కెట్లోకి వచ్చాయి. వీటిలో ఏ పౌనఃపున్యాల వద్ద వినికిడి తగ్గిందో అక్కడే శబ్దాన్ని పెంచే వీలుంది. అయినా యంత్రం సహజమైన వినికిడిని తిరిగి తేలేదు. గోల ఉన్న చోట, దూరం నుంచి వచ్చే మాట విషయంలో ఇబ్బంది కొంత మిగిలే ఉంటుంది.

రకాలు

* జేబు యంత్రం: జేబులో ఉంచుకునే పెట్టె, దాని నుంచి చెవి దాకా తీగ ఉంటాయి. ధర తక్కువ. సాధారణంగా కిరాణా కొట్టులో దొరికే పెన్సిల్ సెల్లుతో పనిచేస్తుంది. మీటలు పెద్దవి కనుక చేతులు వణికే వృద్ధులకు సులువు. బట్టల రాపిడి శబ్దం వినిపించడం దీని లోపం.
* చెవి వెనుక యంత్రం: పిల్లలకు, తీవ్రమైన లోపం ఉన్నవారికి ఎక్కువగా దీనినే సూచిస్తారు. చెవి కొలతకు చేయించిన అచ్చు ద్వారా శబ్దం లోపలికి వెళుతుంది.
* చెవి లోపలి యంత్రం: బయటికి అంతగా కనిపించదు. ధర ఎక్కువ. గులిమి, చెమట వలన త్వరగా పాడయ్యే అవకాశం ఉంది.

పరీక్ష, ఎంపిక

సాధారణ సంభాషణ తీవ్రత సుమారు 60 డెసిబెల్స్. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవారు వినికిడి లోపం గలవారు, 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవారు బధిరులు. యంత్రం కొనే ముందు చెవి వైద్యుని చేత గులిమి, చీము, కర్ణభేరి రంధ్రం వంటివి లేవని నిర్ధారించుకోవాలి. తరువాత ఆడియాలజిస్ట్ పరీక్ష చేసి ఆడియోగ్రాం ఇస్తారు. యంత్రాన్ని దానికి అనుగుణంగా అమర్చాలి. పరీక్ష లేకుండా అమ్మే చవక యాంప్లిఫయర్లు అన్ని శబ్దాలనూ ఒకే విధంగా పెంచుతాయి. అతి పెద్ద శబ్దం మిగిలిన వినికిడిని కూడా దెబ్బతీయగలదు.

పిల్లల విషయంలో ఆలస్యం పనికిరాదు. మాటలు నేర్చే తొలి ఏళ్ళలో శబ్దం గానీ సంజ్ఞా భాష గానీ అందని పిల్లలకు భాష వెనుకబడుతుంది. చదువు కూడా దానితోపాటే దెబ్బతింటుంది.

నిర్వహణ ఖర్చు

చెవి వెనుక యంత్రాలలో చాలావరకు జింక్-ఎయిర్ బ్యాటరీలు వాడతారు. పైనున్న అంటింపు కాగితం తీయగానే గాలి సోకి బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది. ఆ తరువాత వాడకపోయినా అది క్రమంగా తరిగిపోతుంది. పరిమాణాన్ని, వాడకాన్ని బట్టి ఒకటి నుంచి మూడు వారాల వరకు వస్తుంది. ఎదిగే పిల్లలకు చెవి అచ్చు తరచు మార్చాలి, లేకుంటే యంత్రం ఈల వేస్తుంది. రాత్రిపూట యంత్రాన్ని సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచితే తేమ నుంచి రక్షణ కలుగుతుంది. బ్యాటరీని పిల్లలు మింగితే ప్రాణాపాయం, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

భారతదేశంలో సహాయం

కేంద్ర ప్రభుత్వం 1981లో ప్రారంభించిన అడిప్ పథకం కింద ఆదాయ పరిమితికి లోబడి, 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి వినికిడి యంత్రాలు ఉచితంగా గానీ తగ్గింపు ధరకు గానీ లభిస్తాయి. కాన్పూరులో 1972లో ఏర్పడిన అలింకో సంస్థ ఈ పథకానికి ఉపకరణాలు సరఫరా చేస్తుంది. ముంబైలో 1983లో ఏర్పడిన జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థకు హైదరాబాదులో జన్మించిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దీని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. యంత్రంతో ప్రయోజనం లేని పిల్లలలో అర్హులకు అడిప్ కింద కాక్లియర్ ఇంప్లాంటుకు కూడా సహాయం అందుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ద్వారా కూడా ఈ శస్త్రచికిత్సలు జరిగాయి. వినికిడి యంత్రాలపై జీఎస్టీ లేదు.

ఇతర సహాయక పరికరాలు

* ఎఫ్.ఎం. వ్యవస్థ: ఉపాధ్యాయుని మైకు నుంచి మాట నేరుగా విద్యార్థి యంత్రానికి చేరుతుంది.
* ఇండక్షన్ లూప్: సభా మందిరం చుట్టూ వేసిన తీగ నుంచి వచ్చే సంకేతాన్ని టెలికాయిల్ ఉన్న యంత్రం అందుకుంటుంది.
* దీపం వెలిగే కాలింగ్ బెల్, దిండు కింద కంపించే అలారం.
* మాటను అక్షరాలుగా చూపే ఫోను అనువర్తనాలు. 2019లో విడుదలైన గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ వీటిలో ఒకటి.

వీటిలో కొన్నింటికి యంత్రం అవసరం లేదు. యంత్రం కొనలేనివారికి కూడా ఇవి కొంతమేరకు ఉపయోగపడతాయి.