మీకు తెలుసా? మసీదు తరఫున బాప్టిస్టులు నిలబడ్డారు!

ముస్లింలు, క్రైస్తవులు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటున్నారంటే మోక్షం గురించో, ప్రవక్తల గురించో అనుకుంటాం. అమెరికాలో చాలాసార్లు ఆ మాటలు మునిసిపల్ ఆఫీసు మెట్ల దగ్గరే మొదలవుతాయి. స్థలం, పార్కింగు, మైకు... ఇవీ అక్కడి చర్చనీయాంశాలు.

• న్యూజెర్సీలోని బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో మసీదు కట్టుకుంటామని బాస్కింగ్ రిడ్జ్ ఇస్లామిక్ సొసైటీ 2012లో దరఖాస్తు పెట్టింది. మూడున్నరేళ్లలో 39 బహిరంగ విచారణలు! ఆ ఊళ్లో చర్చికైనా, యూదుల ప్రార్థనాలయానికైనా ముగ్గురికి ఒక కారు చొప్పున చోటు చూపిస్తే చాలు. వచ్చేది 150 మంది అనుకుంటే 50 కార్లకు సరిపోవాలి. ప్లానింగ్ బోర్డు మాత్రం 107 కార్లకు చోటు చూపించమంది. చివరికి 2015 డిసెంబరులో కుదరదు పొమ్మంది. ఇంతకీ ఆ సొసైటీ అధ్యక్షుడు మహమ్మద్ అలీ చౌధ్రీ ఎవరనుకున్నారు? ఒకప్పుడు ఆ ఊరికి మేయరుగా చేసినాయనే. మేయరు పదవికి పనికొచ్చిన మనిషి కారు ఆపుకోవడానికి పనికిరాలేదన్నమాట.

• కేసు కోర్టుకెక్కాక 2016లో 18 సంస్థలు మసీదు పక్షాన తమ వాదన రాసి దాఖలు చేశాయి. వాటిలో యూదులవి ఉన్నాయి, సిక్కులవి ఉన్నాయి. అందరినీ ఆశ్చర్యపరిచిన పేరు మాత్రం సదరన్ బాప్టిస్టులది. అమెరికా ప్రొటెస్టంట్లలో అతిపెద్ద శాఖ, ఛాందసమని పేరున్న శాఖ. ఆ జూన్‌లో సెయింట్ లూయిస్‌లో జరిగిన వాళ్ల వార్షిక సభలో ఒక పాస్టరు లేచి, క్రీస్తును ఒప్పుకోనివాళ్ల గుడికి మనమెందుకు మద్దతివ్వాలని నిలదీశాడు. వాళ్ల మతస్వేచ్ఛా విభాగం అధ్యక్షుడు రసెల్ మూర్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఇవాళ మసీదును ఆపగల ప్రభుత్వం రేపు బాప్టిస్టు చర్చినీ ఆపగలదు. సభ చప్పట్లు కొట్టింది. అయితే కథ అక్కడ ఆగలేదు. ఆ పత్రంలో చేతులు కలిపిన వాళ్ల విదేశీ మిషన్ బోర్డు 2017 ఫిబ్రవరిలో అలా చేసినందుకు నొచ్చుకుని, తమవాళ్లకు క్షమాపణ చెప్పింది. నాకైతే ఆ చప్పట్లతోపాటు ఈ వెనకడుగూ గుర్తుపెట్టుకోవాల్సిందే అనిపిస్తుంది.

• తీర్పు 2016 డిసెంబరు 31న వచ్చింది. చర్చికో లెక్క, మసీదుకో లెక్క పనికిరాదని ఫెడరల్ జడ్జి తేల్చారు. 2017 మే నెలలో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లు చెల్లించి, కట్టుకోవడానికి దారిచ్చి రాజీ పడింది. పార్కింగు లెక్కలో పడిన పేచీ ఆ ఊరికి బాగా ఖరీదైంది!

• ప్రార్థనాలయాల విషయంలో భూవినియోగ నిబంధనల పేరుతో వివక్ష చూపకూడదనే ఫెడరల్ చట్టం 2000లోనే వచ్చింది. అయినా 2010లో టెనెసీ రాష్ట్రం మర్ఫ్రీస్‌బరోలో మసీదు వద్దంటూ వేసిన కేసులో ఇస్లాం అసలు మతమే కాదని వాదించారు. అది మతమేనని చెప్పడానికి అమెరికా న్యాయశాఖ కోర్టుకు ఎక్కాల్సి వచ్చింది.

• అదే రాష్ట్రంలో, మెంఫిస్ దగ్గరి కార్డోవాలో హార్ట్‌సాంగ్ చర్చి పొరుగునే ముస్లింలు స్థలం కొన్నారు. పాస్టరు స్టీవ్ స్టోన్ చర్చి ముందు స్వాగతం పలుకుతూ బోర్డు పెట్టించారు. 2010 రంజాన్ వచ్చేసరికి మసీదు పూర్తికాకపోతే చర్చి తలుపులు తీశారు. నమాజు అక్కడే జరిగింది.

• నెబ్రాస్కాలోని ఒమాహాలో యూదుల ఆలయం, చర్చి, మసీదు ఒకే ఆవరణలో ఉన్నాయి. మధ్యలో పారే వాగు పేరు హెల్ క్రీక్, అంటే నరకపు వాగు. దాని మీద వంతెన కట్టుకున్నారు. పేరు కావాలని పెట్టింది కాదు, ముందునుంచీ ఉన్నదే!

• మినియాపొలిస్‌లో శబ్ద నిబంధనల వల్ల తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక మైకులో అజాన్ ఇచ్చే వీలుండేది కాదు. 2023 ఏప్రిల్‌లో నగర కౌన్సిల్ అయిదు పూటలా అనుమతించింది. బహిరంగ విచారణలో సరేనన్నవాళ్లలో క్రైస్తవ, యూదు మతపెద్దలూ ఉన్నారు.

• దైవశాస్త్రం ఊసే లేదని కాదు. 2007 అక్టోబరులో 138 మంది ముస్లిం పండితులు, మతపెద్దలు క్రైస్తవ నాయకులకు బహిరంగ లేఖ రాశారు. దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి ప్రేమించడం ఇద్దరికీ ఉమ్మడేనన్నది అందులోని మాట. మరుసటి నెలలో యేల్ విశ్వవిద్యాలయ పండితుల జవాబుకు 300 మందికి పైగా క్రైస్తవులు సంతకాలు చేశారు.

• ఇక మన దగ్గరికి వస్తే, హైదరాబాద్ శివరాంపల్లిలోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది లాహోర్‌లో, 1930లో. ముస్లింల మధ్య సువార్త పనిచేసేవాళ్లకు ఇస్లాం గురించి నేర్పడానికి పెట్టిన బడి అది. ఊళ్లు మారుతూ 1971లో హైదరాబాద్ చేరింది. పాతబస్తీలో 1990 అల్లర్ల తర్వాత సహాయ పనుల్లోకి దిగింది. ఇప్పుడు అక్కడ నేర్పేది శాంతి పాఠాలు, మతాల మధ్య సంభాషణ. సంస్థకు పేరిచ్చిన హెన్రీ మార్టిన్ కొత్త నిబంధనను ఉర్దూలోకి తెచ్చినాయన. ఈసారి ఆరాంఘర్ వైపు వెళ్తే శివరాంపల్లిలో ఓసారి ఆగి చూడండి.