గోరంత చిప్పులో కల్పిత యంత్రం

శంషాబాదు విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడు తొండుపల్లి దారి పట్టకముందే సెల్‌ఫోనును తెరుస్తాడు. వెంటనే నెట్‌వర్కు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపి గుర్తింపును నిరూపించుకొమ్మంటుంది. జవాబు చెప్పేది ఫోను కాదు, అందులోని సిమ్ కార్డు. తన రహస్య సంఖ్యను బయటపెట్టకుండానే, దాని సాయంతో లెక్క కట్టి ఫలితాన్ని మాత్రమే పంపుతుంది. గోరంత ఉన్న ఆ చిప్పు నిజానికి ప్రాసెసరూ మెమరీ గల చిన్న కంప్యూటరు. ఇలా ఒక పరికరంలో ఇమిడి, నిర్ణీతమైన పని చేసే కంప్యూటరును ఎంబెడెడ్ వ్యవస్థ అంటారు.

ఇట్టి వ్యవస్థలకు ప్రోగ్రాములను ఎక్కువగా సి భాషలో రాసి, ఆయా చిప్పుల యంత్రభాషలోకి మారుస్తారు. కార్డుల తయారీదారులు అనేకులు. చిప్పులు అనేక విధాలు. చిప్పు మారినప్పుడల్లా ప్రోగ్రామును సవరించవలసి వచ్చేది. ఈ చిక్కును తీర్చినది వర్చువల్ మెషీన్, అనగా కల్పిత యంత్రం. ప్రోగ్రామును బైట్‌కోడ్ అనే ఉమ్మడి భాషలోకి మారుస్తారు. ప్రతి చిప్పులోనూ ఉండే ఒక ద్విభాషి దానిని ఆ చిప్పుకు తెలియజెప్పుతుంది.

ఇంటర్నెట్టుతో ప్రసిద్ధికెక్కిన జావా భాష మూలాలు గృహోపకరణాలలోనే ఉన్నాయి. 1991లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్ బృందం ఆ దృష్టితోనే పని ప్రారంభించింది. స్మార్ట్ కార్డులకు తగిన జావా కార్డ్ 1996లో వెలువడింది.

తొలినాటి కార్డులలో తాత్కాలిక మెమరీ సుమారు ఒక కిలోబైటు. అందులో జావా అంతా ఎలా ఇముడుతుంది? భగవద్గీతను తిక్కన సంక్షేపించినట్లు, ఇక్కడా సంక్షేపమే శరణ్యమయింది. దశాంశ గణన, ఏకకాలంలో పలు పనులు నడిపే సౌకర్యం, అక్షరమాలికలు తొలగిపోయాయి. బైట్‌కోడ్‌ను కుదించే పనిని కార్డులోకి ఎక్కించక ముందే పెద్ద కంప్యూటరు పూర్తిచేస్తుంది. ఇంత త్యాగం చేసినా, విలువైన రక్షణ ఒకటి నిలిచింది. ఒకే కార్డులో రెండు సంస్థల ప్రోగ్రాములున్నా, అనుమతి లేనిదే ఒకదాని సమాచారాన్ని మరొకటి తాకలేదు. బ్యాంకు సేవలు కార్డులోకి వచ్చినప్పుడు ఈ అడ్డుగోడ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ద్విభాషి నడుమ ఉన్నచోట ఆలస్యం తప్పదు. అందుచేతనే గూఢలిపి గణన వంటి బరువైన పనులను సాధారణంగా చిప్పు సొంత యంత్రభాషకో, ప్రత్యేక సర్క్యూటుకో అప్పగిస్తారు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. మామూలు జావా అక్కరతీరిన మెమరీని ఏరివేయడానికి నడుమ నడుమ ఆగుతుంది. ఎప్పుడు, ఎంతసేపు ఆగుతుందో ముందుగా తెలియదు. సిమ్ కార్డు క్షణకాలం తడబడితే ప్రయాణికుడు గమనించనైనా గమనించడు. అతడెక్కిన కారు ప్రమాదానికి గురైతే మాత్రం గాలిసంచి కొన్ని పదుల మిల్లీసెకన్లలోనే విచ్చుకోవాలి. అటువంటి పరికరాలకు ఇంజనీర్లు నేటికీ ప్రధానంగా సి భాషనే ఆశ్రయిస్తున్నారు.