వానాకాలంలో సైకిలుకు మడ్‌గార్డు

కిందటి వానాకాలంలో ఒక ఉదయం, పాలు పోసే సోదరుడొకరు నుదుటి మీద గాయంతో మన ఆసుపత్రికి వచ్చారు. ఆయన సైకిలు ముందు మడ్‌గార్డు కమ్మీ నట్టు వారం రోజులుగా వదులై గలగలమంటోందట. "రేపు బిగిద్దాంలే" అనుకున్నారు. ఆ రోజు కమ్మీ ఊడి చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. చక్రం ఒక్కసారిగా ఆగిపోయి, ఆయన హ్యాండిల్ మీదుగా రోడ్డు మీద పడ్డారు. అయిదు కుట్లు వేశాము.

అయితే మడ్‌గార్డు తీసేస్తే సరిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. అందం కోసం తీసేసే కుర్రవాళ్లూ ఉన్నారు. అది మంచిది కాదు. తడి రోడ్డు మీద ముందు చక్రం బురదను ముఖానికి, కాళ్లకు చిమ్ముతుంది. వెనుక చక్రం వీపు మీదికి చిమ్ముతుంది. కంట్లో ఇసుక పడితే దారి కనబడదు. పైగా ఆ నీటిలో పేడ, మురుగు, ఎలుకల మూత్రం కలిసి ఉండవచ్చు. ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) క్రిములు పుండ్లు, గీతల ద్వారాను, కళ్లు, ముక్కు, నోటి పొరల ద్వారాను శరీరంలో ప్రవేశిస్తాయి.

కాబట్టి మడ్‌గార్డు ఉండాలి, గట్టిగా ఉండాలి. బిగించేటప్పుడు ఈ విషయాలు గమనించండి:

1. మడ్‌గార్డు మీ చక్రం సైజుదే కావాలి. టైరు కంటే సుమారు ఒక సెంటీమీటరు వెడల్పుగా ఉండాలి.

2. టైరుకు, మడ్‌గార్డుకు మధ్య అంతటా వేలు పట్టేంత సందు సమానంగా ఉండాలి. నల్లరేగడి నేలల్లో తిరిగేవారు ఇంకొంచెం ఎక్కువ వదలాలి. బురద పట్టేస్తే దిగి, పుల్లతో గీకి తీయండి.

3. కమ్మీలను రెండు వైపులా బోల్టు, స్ప్రింగు వాషరు, నట్టు వేసి పానాతో బిగించాలి. తీగతో కట్టి సరిపెట్టవద్దు. పొడుచుకువచ్చిన కమ్మీ కొనలు కోయించండి.

4. ముందు మడ్‌గార్డు చివర రబ్బరు ముక్క వేలాడదీయండి. అది నేలకు జానెడు ఎత్తులో ఉంటే పాదాల మీద బురద తగ్గుతుంది.

5. చివరగా చక్రం పైకెత్తి తిప్పండి. ఎక్కడా రాసుకుంటున్న శబ్దం రాకూడదు. హ్యాండిల్ రెండు వైపులా తిప్పి, పెడల్ మీద ఉన్న కాలి బొటనవేలు తగలడం లేదని చూసుకోండి. వానాకాలమంతా వారానికొకసారి నట్లు పరీక్షించండి.

మడ్‌గార్డు చిమ్మే నీటిని ఆపుతుందేగాని, నిలిచిన నీటిలో దిగినప్పుడు కాపాడదు. ఇంటికి రాగానే కాళ్లు సబ్బుతో కడుక్కోండి. గాయమైతే ధారగా పడే శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను అవసరమేమో ఆసుపత్రిలో అడగండి. బురదనీటిలో తిరిగిన తరువాత నెల రోజుల లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా రండి. నీటిలో తిరిగిన సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజు ఆ సోదరుడు అన్నారు: "నట్టు బిగించడం అయిదు నిమిషాల పని, సిస్టరుగారూ." ఈ సాయంత్రమే ఆ అయిదు నిమిషాలు మీ సైకిలుకు కేటాయించండి.